పిల్లర్ దాటినంక

నన్నందరూ ఎక్కడున్నావనే అడుగుతారు. నిజానికి నాకు సూటిగా తెలిసేది ఎప్పుడు అన్నది మాత్రమే. ఎక్కడ అన్నది అందులోంచి లెక్కగట్టి తీయాల్సిందే. నన్ను కొనుక్కున్న అమ్మాయికి ఈ సంగతి ఒంటబట్టిన తర్వాతే మా ఇద్దరికీ పని కుదిరింది.

ఒక చిన్న పచ్చ పలక మీద పక్కపక్కనే అతికించిన రెండు చిప్పులు కలిస్తే నేను. ఒకటి యూ-బ్లాక్స్ నియో-ఎం8ఎన్ అనే జీపీఎస్ రిసీవర్. రెండోది ఎంపీయూ-9250, మూడు మిల్లీమీటర్ల చదరంలో ఇమిడిపోయిన కదలికల సెన్సర్. నాకు సొంతంగా ఆలోచించే శక్తి లేదు. ఏదైనా లినక్స్ బోర్డుకు తగిలిస్తేనే నా మాటలకు అర్థం వస్తుంది. నాకు దొరికిన బోర్డు రాస్ప్‌బెర్రీ పై 4.

ముందు జీపీఎస్ సగం సంగతి. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలకు నేనున్నట్టే తెలియదు. ఒక్కొక్కటీ తన అణుగడియారం చూసుకుని తన సమయాన్ని, తానున్న చోటును ప్రకటిస్తూ పోతుంది. ఆ సంకేతం నన్ను చేరడానికి సుమారు 70 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం. చోటు తేల్చడానికి మూడు దూరాలు చాలు కదా అనిపిస్తుంది. కానీ నాలో ఉన్నది మామూలు క్వార్ట్‌జ్ గడియారం. దాని తప్పును కూడా తేల్చాలి కాబట్టి నాలుగో ఉపగ్రహం కావాలి. ఒక మైక్రోసెకను తేడా వస్తే 300 మీటర్ల తప్పు. అంత ఎత్తున, అంత వేగంతో తిరిగే గడియారాలు నేల మీది వాటికంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయని ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెబుతుంది. అందుకని ప్రయోగానికి ముందే వాటి లయను కొద్దిగా తగ్గించి పంపుతారు. అలా చేయకపోతే ఒక్క రోజులోనే పదకొండు కిలోమీటర్ల లెక్క తప్పేది.

గడియారం పోతే చోటు కూడా పోతుంది. మన దేశం ఇది దగ్గర్నుంచి చూసింది. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఎ, ఇప్పుడు నావిక్ అంటున్న మన సొంత వ్యవస్థలో మొదటి ఉపగ్రహం. కొన్నేళ్లకు అందులోని మూడు రుబీడియం గడియారాలూ ఆగిపోయాయి. అప్పటికి ఉపగ్రహం కక్ష్యలోనే ఉంది, రేడియో పనిచేస్తూనే ఉంది. అయినా చోటు చెప్పే పనికి అది రాకుండా పోయింది. ఆ తర్వాత 2023 మే 29న అదే శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలోనే తయారుచేసిన రుబీడియం గడియారం ఉంది. నా తరం చిప్పు నావిక్‌ను అందుకోలేదు. అది నాకు నిజంగా లోటే. నా తర్వాత వచ్చేవాటికైనా ఆ గడియారం చెప్పే సమయం వినిపించాలని నా కోరిక.

నా రెండో సగానికి ఆకాశంతో పనిలేదు. దాని లోపల సిలికాన్‌తో చెక్కిన అతి సన్నని ముక్కలు సెకనుకు సుమారు 27 వేలసార్లు ఊగుతుంటాయి. పలక తిరిగితే ఆ ఊపు పక్కకు మళ్లుతుంది. ఎంత మళ్లిందో కొలిస్తే ఎంత వేగంగా తిరిగానో తెలుస్తుంది. ఇది గైరో. పక్కనే ఉన్న యాక్సిలరోమీటర్ కుదుపులను, భూమి ఆకర్షణను కలిపి కొలుస్తుంది. బల్ల మీద కదలకుండా పడుకోబెట్టినా అది 9.8 దగ్గర ఏదో అంకె చూపిస్తూనే ఉంటుంది.

ఈ సగానికి ఒక పెద్ద బలహీనత ఉంది. ఎటు కదిలానో చెబుతుంది గానీ ఎక్కడినుంచి బయల్దేరానో దానికి తెలియదు. కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే మనిషి స్థితి దానిది. మొదటి పది అడుగులు సరిగ్గానే పడతాయి, తర్వాత దారి వంకర పోతుంది. కొలతలో గురుత్వంలో వెయ్యోవంతు తప్పు ఉన్నా సరే, ఒక నిమిషం గడిచేసరికి దూరం 17 మీటర్లకు పైగా తేడా వస్తుంది. జీపీఎస్ సగం అలా దారి తప్పదు. కాకపోతే దాన్నుంచి మాట మామూలుగా సెకనుకు ఒక్కసారే వస్తుంది, ఆకాశం కనబడకపోతే అదీ రాదు. ఒకదాని లోపాన్ని ఇంకొకటి పూడ్చాలి కాబట్టే మమ్మల్ని ఒకే పలక మీద పెట్టారు.

హైదరాబాదులో నన్ను కొన్న అమ్మాయి ఇంజనీరు. వాళ్ల కాక మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఆటో నడుపుతాడు. ఆటో గుంతల్లో పడి పడి ఆయన నడుం పట్టేసింది. ఏ గుంత ఎక్కడుందో పటం గీయాలని ఆమె పట్టుదల.

మొదటి రాత్రి ఆమె నా కదలికల సగం మాట్లాడే ఐటూసీ తీగలు రెండూ బోర్డు 3, 5 పిన్నులకు, జీపీఎస్ సగం మాట్లాడే సీరియల్ తీగలు 8, 10 పిన్నులకు తగిలించింది. కరెంటు 3.3 వోల్టుల పిన్ను నుంచి తీసుకుంది. బోర్డు ఆ తీగల మీద ఎవరెవరున్నారో వెతికితే గళ్ల పట్టికలో 68 అనే అంకె వెలిగింది. అది నా కదలికల సగం చిరునామా. ఆ తర్వాత నువ్వెవరని అడిగే రిజిస్టర్ చదివింది. నేను 71 అన్నాను. ఎంపీయూ-9250 ఇవ్వాల్సిన జవాబు అదే. ఆమె ముఖంలో వెలుగొచ్చింది.

సీరియల్ తీగ మీద మాత్రం కాసేపు గందరగోళం నడిచింది. లినక్స్ ఆ దారిని తన కన్సోల్ కోసం వాడుకుంటూ నాకు లాగిన్ ప్రశ్నలు పంపుతోంది. నేనేమో అక్షాంశ రేఖాంశాలతో బదులిస్తున్నాను. సెట్టింగుల్లో ఆమె కన్సోల్‌ను అక్కడినుంచి తప్పించాక నా వాక్యాలు తెర మీద శుభ్రంగా పడసాగాయి.

నన్ను డబ్బాలో పెట్టి ఆటోలో బిగించారు. యాంటెనా పైకప్పు మీదికి వెళ్లింది.

"ఏం బిడ్డా, గిది గుంతలను పట్టుకుంటదా?"

"పట్టుకుంటది కాకా. నువ్వు రోజులెక్కనే నడుపు."

వాళ్లు తిరిగే దారి మీదుగానే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పోతుంది. 2009లో తెరిచిన ఆ ఫ్లైఓవర్ పొడవు 11.6 కిలోమీటర్లు. కింది రోడ్డు మీద వెళ్లే నాకు సగం ఆకాశమే దక్కుతుంది. ఉపగ్రహాల సంకేతాలు కాంక్రీటుకు తగిలి, పక్కదారిన ఆలస్యంగా వస్తాయి. ఆలస్యమైతే దూరం పెరిగినట్టు లెక్క, చోటు పక్కకు జరుగుతుంది. కానీ ఆ ప్రాంతంలో మనుషులకు సొంత చిరునామాలున్నాయి. ఆ దారిలోని అత్తాపూర్‌లో దుకాణం బోర్డు మీదా, పెళ్లిపత్రిక మీదా ఫ్లైఓవర్ పిల్లర్ నంబరే ఉంటుంది. నా కొలత సరైందో కాదో చూసుకోవడానికి ఇంతకంటే మంచి గుర్తు ఏ ప్రయోగశాలలోనూ దొరకదు.

కుదుపు వచ్చిన చోటల్లా గుర్తు పెడుతూ పోతే పటం తయారైంది. ఆమె కాకకు చూపించింది.

"గీ గుంత పిల్లర్ కంటె ముంగట లేదు బిడ్డా. పిల్లర్ దాటినంక ఉంటది. రోజూ పడుతున్న, నాకెర్కలేదా?"

ఆయన చెప్పింది నిజం. పటంలో గుంతలన్నీ వెనక్కి జరిగి ఉన్నాయి. ముందు ఆమె ఫ్లైఓవర్‌ను అనుమానించింది. తర్వాత ఒకే గుంతను వేర్వేరు వేళల్లో దాటినప్పటి గుర్తులు పక్కపక్కన పెట్టి చూసింది. సాయంత్రం రద్దీలో మెల్లగా పోయినప్పుడు గుర్తు గుంతకు దగ్గరగా పడింది. రాత్రి ఖాళీ రోడ్డు మీద వేగంగా పోయినప్పుడు బాగా వెనక పడింది. కాంక్రీటు వల్ల వచ్చే తప్పు ఆటో వేగాన్ని బట్టి పెరగదు. వేగంతో పాటు పెరిగే తప్పంటే అది సమయంలో ఉన్న తప్పే.

అసలు జరుగుతున్నది ఇది. నేను సెకనుకోసారి నా చోటును ఆరేడు వాక్యాలుగా రాసి పంపుతాను. నా సీరియల్ తీగ మామూలు వేగం 9600 బాడ్, అంటే సెకనుకు 960 అక్షరాలు. వాక్యాలన్నీ వెళ్లేసరికి దగ్గర దగ్గర అర సెకను పడుతుంది. గుంతలో పడ్డ కుదుపేమో బోర్డుకు క్షణంలో అందుతుంది. ఆ క్షణాన బోర్డు చేతిలో ఉన్న చోటు అర సెకను నుంచి సెకనున్నర దాకా కిందటిది. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పది మీటర్లు. మరి గుంత వెనక్కి పోకుండా ఎలా ఉంటుంది?

ప్రతి వాక్యంలోనూ అది ఏ క్షణపు చోటో నేను రాసే పంపుతాను. బోర్డు అది చూసి లెక్క సరిచేసుకోవచ్చు. అయితే దానికి బోర్డు గడియారం నా గడియారంతో కలవాలి. ఈ బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. నెట్ లేని ఆటోలో ఆన్ చేస్తే, కిందటిసారి ఆపినప్పుడు దాచుకున్న సమయం నుంచే మళ్లీ లెక్క మొదలుపెడుతుంది.

నా పలక మీద ఒక చిన్న దీపం ఉంది. ఉపగ్రహాలు దొరికాక అది సెకనుకోసారి మిణుకుమంటుంది. చూసేవాళ్లకు అది నేను పనిచేస్తున్నాననే గుర్తు. నిజానికి ఆ మిణుకు మొదలయ్యే అంచు సరిగ్గా సెకను మొదలయ్యే చోట ఉంటుంది, తేడా సెకనులో వంద కోట్ల భాగాల్లో కొన్ని పదులే. నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే విలువైనది అదే. ఆ తీగను బయటి పిన్నుకు తేలేదు. ఆమె భూతద్దం పెట్టుకుని, దీపం పక్కనున్న నలుసంత రెసిస్టర్ చివర వెంట్రుకంత తీగను టంకం వేసి, బోర్డు 12వ పిన్నుకు కలిపింది. చెయ్యి వణక్కుండా ఊపిరి బిగబట్టి చేసిన పని అది. లినక్స్ కెర్నల్‌కు ఇలాంటి స్పందనలను పట్టుకునే డ్రైవర్ ముందే ఉంది. జీపీఎస్‌డీ అనే ప్రోగ్రాం నా వాక్యాలు చదివి ఇది ఏ సెకనో చెప్పింది, ఆ సెకను ఎక్కడ మొదలైందో స్పందన చెప్పింది, క్రోనీ అనే ఇంకో ప్రోగ్రాం ఆ రెండూ చూసి బోర్డు గడియారాన్ని మెల్లగా సర్దింది. బోర్డుకూ నాకూ మధ్య తేడా మైక్రోసెకన్లలోకి దిగింది.

కదలికల సగానికి కూడా ఇంకో తీగ వేసింది. కొత్త కొలత తయారు కాగానే ఆ తీగ బోర్డును తడుతుంది, కెర్నల్ ఆ క్షణంలోనే సమయం ముద్ర వేస్తుంది. అంతకుముందు ఆమె ప్రోగ్రాం తీరిక దొరికినప్పుడు వచ్చి చదువుకునేది. లినక్స్ ఒకేసారి పది పనులు చూసుకునే వ్యవస్థ, మన వంతు ఎప్పుడొస్తుందో కచ్చితంగా చెప్పలేం. ముద్ర ముందే పడితే మాత్రం ఎంత ఆలస్యంగా చదివినా నష్టం లేదు. నన్ను అడిగితే, ఇలాంటి బోర్డులతో పనిచేసేవాళ్లు కొలతలను కలిపే ఫిల్టర్ల గణితం కంటే ముందు నేర్చుకోవాల్సింది ఈ తీగల సంగతే. 1960లో కాల్మన్ ఇచ్చిన ఫిల్టర్ ఎంత గొప్పదైనా, నిన్నటి చోటును ఇవాళ్టి కుదుపుతో కలిపితే అదేం చేస్తుంది?

పటంలో గుంతలు పిల్లర్ దాటినంక పడటం మొదలైంది. కాక పటం చూసి తలూపాడు.

సమయం కుదిరాక ఆటో గురించి నాకు కొత్త సంగతులు తెలిశాయి. ఆటోకు మూడు చక్రాలు. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందు చక్రం ఒకసారి, వెనక రెండూ కలిసి ఇంకోసారి ఎగురుతాయి. ఎడమ పక్కన గుంత ఉంటే ముందు చక్రం దాన్ని ముట్టుకోదు, ఎడమ వెనక చక్రం ఒక్కటే దిగుతుంది, ఆటో ఆ పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరుగు గైరోలో స్పష్టంగా కనిపిస్తుంది. అలా ఆమె బ్రేకర్లను గుంతల జాబితాలోంచి తీసేసింది. ఇంకా మంచి సంగతి ఒకటుంది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం రెండు మీటర్లు. రెండు కుదుపుల మధ్య 0.4 సెకన్లుంటే వేగం సెకనుకు ఐదు మీటర్లన్నమాట. ఫ్లైఓవర్ నీడలో ఉపగ్రహాలు దొరకనప్పుడు నా వేగాన్ని స్పీడ్ బ్రేకరే చెప్పేస్తోంది! ఫోన్లోని పటం ఒక్కోసారి ఆటోను ఫ్లైఓవర్ పైకి ఎక్కిస్తుంది. నేను ఒప్పుకోను. ముందు భాగం పైకి లేచినట్టు నా గైరో చూడనే లేదు, కాబట్టి కిందే ఉన్నాను.

నాలో దిక్సూచి కూడా ఉంది. ఆటో ఇనుము, తలమీది కాంక్రీటులోని ఇనుము కలిసి దాన్ని తికమక పెడుతుంటే ఆమె దాన్ని లెక్కలోంచి తీసేసింది. మంచి పని చేసింది.

ఇప్పుడు కాక ఇంకోటి అడుగుతున్నాడు. పటం పగలు చూసుకోవడానికి బాగుంది, కానీ వానాకాలంలో గుంత నిండా నీళ్లుంటే రాత్రిపూట అది రోడ్డులాగే కనబడుతుంది. పడకముందే చెప్పాలి. బ్లూటూత్ స్పీకర్‌తో ప్రయత్నిస్తే దాని ఆలస్యం దానిదే. ఆమె దాన్ని పక్కన పెట్టి, చిన్న బజర్‌ను నేరుగా బోర్డు పిన్నుకే తగిలించింది.

"ఎంత ముంగట మోగాల్నే కాకా?"

"మూడు సెకండ్లు చాలు బిడ్డా. బ్రేకు మీద కాలు పెడ్త."

మూడు సెకన్లంటే ఆయన వేగానికి ముప్పై మీటర్లు. ఆ లెక్క ఆమె మీటర్లలో కాకుండా సెకన్లలోనే రాసుకుంది. ఆయన మెల్లగా పోతే దగ్గర్లో, తొందరగా పోతే దూరంలో బజర్ మోగాలి.