మూడు తీగలు, ఒక్క పెట్టె

మా పొందూరులో నెట్‌కి రెండు లైన్లున్న ఇల్లంటే కాస్త కలిగిన ఇల్లని లెక్క. మూడున్నది మాకే. దాన్ని మాత్రం కలిగిన ఇల్లని ఎవరూ అనరు, "ఆ గుంటడికి ఏటో అయినాదర్రా" అంటారు.

మూడెందుకంటే, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చి మా వైపు స్తంభాలను పడుకోబెట్టి పోయాయి. హైదరాబాదులో కూర్చున్న మా మేనేజరుకి తుపానంటే టీవీలో తిరిగే ఎర్రటి సుడి. అది బంగాళాఖాతంలో ఎక్కడైనా తిరగొచ్చు గానీ ఆయన మీటింగు మధ్యలోకి రాకూడదు. అందుకని ఒక ఫైబరు లైను, ఒక కేబులు వాళ్ళ లైను, వాటికి తోడు సిమ్ము వేసుకునే చిన్న మోడెం. మూడింటినీ కలపడానికి అటక మీది పాత కంప్యూటరు దించి, ఉచితంగా దొరికే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. దాని గుండెకాయ పీఎఫ్ అనే ప్యాకెట్ల వడపోత. 2001లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం వాళ్ళు రాసుకున్నది, గట్టి సరుకే.

"ఒక లైను పోతే రెండోది, అదీ పోతే మూడోది" అని నాన్నకి గొప్పగా చెప్పాను. ఆయన రైల్వే సిగ్నళ్ళలో పనిచేసి రిటైరైన మనిషి, హౌరా-చెన్నై లైను మీదే బతుకంతా గడిపారు.

"మరి ఆ పెట్టె పోతే?" అన్నారు.

ఇలాంటి ప్రశ్నలు పడలేకే పిల్లలు ఊళ్ళొదిలి పోయేది.

వారం తిరక్కుండా పెట్టె పోయింది. మూడు మోడెములూ పచ్చగా వెలుగుతున్నాయి, నెట్ లేదు. తనంతట తను మళ్ళీ లేచింది, కాసేపటికి మళ్ళీ పడింది. అదీ ఎప్పుడంటే సాయంత్రాలు, ఇంటినిండా జనం ఉన్నప్పుడు. ఆ జనానికి కారణం కూడా నాన్నే.

"మూడింటికీ డబ్బులు కడతన్నాం కదరా, సినిమా మూడింతలు జోరుగా రావాల కదా" అని ఆయన వాదన. అలా రాదు. లోడ్ బ్యాలెన్సింగ్ పంచేది కనెక్షన్లను. ఒక కనెక్షను ఏ లైను ఎక్కితే చివరిదాకా ఆ లైనులోనే పోతుంది. పది మంది చూస్తుంటే తలా ఒక దారిన పోతారు గానీ, ఒక్కడి సినిమా మూడు దార్లలో రాదు.

"అయితే పది మందీ ఉండాలన్నమాట" అన్నారు నాన్న. క్రికెట్ మ్యాచ్ రోజున వీధిలోవాళ్ళని ఫోన్లతో సహా పిలిచి, మాట నిలబెట్టుకున్నారు.

మావయ్యది ఇంకో గోల. బ్యాంకు సైటు ఒక లైనులో తెరుచుకునేది, తరవాతి పేజీ రెండో లైనులో వెళ్ళేది. ఒకే మనిషి రెండు చిరునామాల నుంచి వస్తే బ్యాంకు ఊరుకుంటుందా, దొంగనుకుని బయటికి నెట్టేసింది. ఒక మనిషిని ఒకే లైనుకి అంటిపెట్టుకునేలా చేసే సెట్టింగు ఉంది, అది పెట్టాక సర్దుకుంది. ఆ నెట్టేసింది నేనేనని మావయ్య ఈరోజుకీ నమ్ముతాడు.

పక్కింటి పిన్నిది మాత్రం అసలైన ప్రశ్న. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్న నూలు వడికే చెయ్యి ఆవిడది. "తెగితే అతుక్కోవచ్చు కద బాబూ, దానికింత గోలేటి?" అంది. ఆవిడ వేళ్ళ మధ్య తెగిన పోగు రెప్పపాటులో కలిసిపోతుంది, ముడి కూడా కనబడదు. నా పోగు అతకదు పిన్నీ. ఈ కొస చిరునామా, ఆ కొస చిరునామా కలిస్తేనే కనెక్షను. లైను మారితే ఈ కొస మారిపోతుంది, అవతలివాడికి నేను కొత్త మనిషిని. మొదటినుంచీ మొదలెట్టాల్సిందే.

పెట్టె పడ్డప్పుడల్లా లాగులు, అంటే అది రాసుకునే చిట్టా, మెమరీతో పాటే తుడిచిపెట్టుకుపోయేవి. లాగులు వేరే కంప్యూటరుకి పోయేలా పెట్టి, పెట్టెకి పాత టీవీ తగిలించి, దాని ముందు ఫోన్లో వీడియో ఆన్ చేసి నిలబెట్టాను. చిక్కింది: 'ఫేటల్ ట్రాప్ 12'. పెట్టెని నడిపించే అసలు ప్రోగ్రాం, కెర్నెల్, తనది కాని మెమరీని తడిమి బోర్లా పడిందని అర్థం. అంతకు ముందు లాగులో ఒక లైను పోయింది, వచ్చింది, పోయింది అని వరస. లైను పోయిందనుకున్న ప్రతిసారీ ఫైర్‌వాల్ రూల్సన్నీ మళ్ళీ ఎక్కించుకుంటుంది, పాత కనెక్షన్లను చంపుతుంది. సరిగ్గా ఆ క్షణాన ఆ లైనులోకే ప్యాకెట్టు పోబోతే కూలిపోయే లోపం ఆ పాత వెర్షన్లో ఉంది. కొత్త వెర్షన్ వేస్తే పడటం ఆగింది.

కానీ తెగని లైను పోయిందని ఎందుకు అనుకుంటోంది? మోడెముల అడుగు తిరగేసి చూస్తే తెలిసింది. రెండు కంపెనీల మోడెములూ తమని తాము 192.168.1.1 అని చెప్పుకుంటున్నాయి. లైను బతికుందో లేదో చూడ్డానికి పెట్టె ఒకదానిలోంచి పంపిన పింగు రెండోదానిలోంచి పోతోంది. ఇళ్ళలోపల వాడుకోమని 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రం మూడు చిరునామా గుంపులు వదిలిపెట్టింది. 10తో మొదలయ్యే గుంపులోనే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు, 192.168 గుంపులో 65,536. ఇంత మాన్యం పడుండగా అందరికీ ఆ ఒక్క గడపే కావాలి!

కేబులు మోడెముని 192.168.7.1కి మార్చాను. ఇంట్లో శాంతి. మ్యాచ్‌లు, మీటింగులు, మావయ్య బ్యాంకు, అన్నీ నడిచాయి. ఆ నెలాఖరున కేబులు లైన్‌మేన్ వచ్చి, "బాబూ, ఎలాగూ వచ్చినాను కదా, ఓపాలి ఫ్రెష్ సేసెత్తాను" అని మోడెం వెనక చిల్లులో సూది గుచ్చి, ఫ్యాక్టరీలో పుట్టినప్పటి స్థితికి తెచ్చి వెళ్ళాడు. మళ్ళీ 1.1. నేను మళ్ళీ 7.1 చేసి, మోడెం మీద పెద్దక్షరాలతో కాగితం అంటించాను: 'సూది గుచ్చరాదు'.

మొన్న మళ్ళీ వచ్చాడు. కాగితం పైకే చదివి, తలూపి, మర్యాదగా సూది జేబులో పెట్టేసుకున్నాడు. "ఇది పాతదైపోనాది బాబూ" అని మోడెం ఊడదీసి, కొత్తది బిగించి, టీ తాగి వెళ్ళాడు. అడుగు తిప్పి చూశాను. 192.168.1.1 అని అచ్చేసి ఉంది.