సూపర్‌హీరోల నియామకాలపై కొన్ని కొర్రీలు
(అమెరికా సెనేట్‌కు బహిరంగ లేఖ)

గౌరవనీయులైన సెనేటర్లు వంద మందికీ,

విషయం: మంత్రి పదవులకు కామిక్ పుస్తకాల వీరులను నియమించు ప్రతిపాదనపై ఆక్షేపణలు.
సూచిక: మా మనవడు నోటుబుక్కు చివరి పేజీలో రాసిన జాబితా.

ఆర్యా,

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన తెలుగువాణ్ణి. ప్రస్తుతం విజిటర్ వీసా మీద డాలస్ శివార్లలో కొడుకింట్లో ఉన్నాను. ఇక్కడ నాకు ఓటు లేదు, కారు తోలడం రాదు, తీరిక మాత్రం దండిగా ఉంది. తమ దేశాన్ని మనుషులు నడిపింది చాలని, ఇక 15 శాఖలూ సూపర్‌హీరోలకు అప్పగించాలని మా మనవడి నిర్ణయం. జాబితా నేరుగా తమకే పంపుతానంటున్నాడు. అధ్యక్షుడు ఎవరి పేరు పంపినా తమరు సరేనంటేనే మంత్రి అవుతారని రాజ్యాంగం రెండో అధికరణంలో ఉందట. కాబట్టి వాడి జాబితా చేరేలోపే నా అభ్యంతరాలు తమ ముందు పెడుతున్నాను. మా ఆఫీసుల్లో వీటిని కొర్రీలంటారు. కొర్రీ లేకుండా నా బల్ల దాటిన ఫైలు లేదు.

మొదటి పేరు సూపర్‌మ్యాన్, విదేశాంగ శాఖకు. 1938లో అచ్చయిన తొలి కథ నుంచీ ఈయన వేరే గ్రహం వాడు. పుట్టింది బయట అన్నది పెద్ద అడ్డంకి కాదు. కిసింజర్ జర్మనీలో పుట్టారు, మాడెలిన్ ఆల్‌బ్రైట్ ప్రాగ్‌లో పుట్టారు, ఇద్దరూ ఆ కుర్చీలో కూర్చున్నవారే. అసలు చిక్కు పౌరసత్వం దగ్గర. అక్కడే తమ చట్టం నన్ను ఆశ్చర్యపరిచింది. అయిదేళ్లలోపు పసివాడు కన్నవాళ్లెవరో తెలియకుండా అమెరికా గడ్డ మీద దొరికితే పుట్టుకతోనే పౌరుడట. వాడికి 21 ఏళ్లు నిండేలోపు, వేరేచోట పుట్టాడని ఎవరైనా రుజువు చేస్తే తప్ప! కాన్సాస్‌లో ఈయన్ను పెంచిన కెంట్ దంపతులు ఈయన దిగిన రాకెట్టును దాచిపెట్టి ఇన్నేళ్లు నోరు మెదపలేదంటే, వాళ్లను ఉత్త రైతులని నేను నమ్మను. వాళ్లకు మంచి ప్లీడరు ఉండి ఉంటాడు.

ఈ సెక్షను మా అబ్బాయికి చదివి వినిపిస్తే నవ్వలేదు. ఉద్యోగాల కోటాలో ఏ ఒక్క దేశం వాళ్లకూ ఏటా ఏడు శాతానికి మించి గ్రీన్ కార్డులు ఇవ్వకూడదన్న తమ నిబంధన పుణ్యమా అని వాడు ఏళ్ల తరబడి క్యూలో ఉన్నాడు. క్రిప్టాన్ గ్రహం కోటాలో చూడబోతే అక్కడ పుట్టిన సూపర్‌మ్యాన్, 1959లో దిగిన అతని చెల్లెలి వరస సూపర్‌గర్ల్, మహా అయితే ఇంకో నలుగురు. క్యూ ఎక్కడిది?

పోనీ, పౌరుడే అనుకుందాం. 2011లో యాక్షన్ కామిక్స్ 900వ సంచికలో ఈయనే, తాను ఏం చేసినా అమెరికా విధానం కింద జమకడుతున్నారని విసిగి, పౌరసత్వం వదులుకుంటానన్నాడు. విదేశాంగ మంత్రి ఉద్యోగమే అది కదండీ, ఏం చేసినా దేశవిధానం కావడం! ఫైలు వాపసు.

రెండో పేరు బ్యాట్‌మ్యాన్, న్యాయశాఖకు. ఇలాంటి పదవికి ఎంపికైనవాళ్లు ఎస్‌ఎఫ్-86 అని వంద పేజీలకు పైబడిన దరఖాస్తు నింపాలి. ఇదివరకు వాడిన వేరే పేర్లేమిటో, పదేళ్లుగా ఎక్కడెక్కడ కాపురమున్నారో అన్నీ అందులో రాయాలి. వేరే పేర్ల గడిలో నిజం రాస్తే బ్యాట్‌మ్యాన్ ఉండడు, అబద్ధం రాస్తే మంత్రి ఉండడు. అది దాటినా కోర్టు ఉంది. వారంటు లేకుండా ఇళ్లలో దూరడం, దొంగను మేడ మీంచి తలకిందులుగా వేలాడదీసి నిజం చెప్పించడం ఆయన దర్యాప్తు పద్ధతి. నోరు మూసుకునే హక్కు నీకుందని నిందితుడికి ముందే చెప్పి తీరాలని తమ సుప్రీంకోర్టు 1966లో మిరాండా కేసులో తీర్పిచ్చింది. ఈయన పట్టుకున్న కేసుల్లో సాయంత్రానికి నిలిచేది ఒక్కటీ ఉండదు.

మూడో ఫైలు మీద నేను ఎక్కువసేపు కూర్చున్నాను. కెప్టెన్ అమెరికా, రక్షణ శాఖకు. 1941లో మొదటి సంచిక అట్ట మీదే హిట్లర్‌ను గుద్దినవాడు. అప్పటికి తమ దేశం యుద్ధంలోకి దిగనేలేదు. దేశభక్తికి వంక పెట్టేవాణ్ణి కాను. సర్వీసు రిజిస్టరే అర్థం కావడం లేదు. సైనికాధికారి కొలువు వదిలి ఏడేళ్లయితేగాని, జనరల్ స్థాయివాడైతే పదేళ్లయితేగాని రక్షణ మంత్రి కాకూడదని తమ చట్టం. 1950లో జనరల్ మార్షల్‌కు, 2017లో మాటిస్‌కు, 2021లో ఆస్టిన్‌కు కాంగ్రెస్ ప్రత్యేకంగా సడలింపు ఇవ్వాల్సివచ్చింది. మరి ఈయన? 1945లో మంచులో కూరుకుపోయి 1964లో ఎవెంజర్స్ నాలుగో సంచికలో బయటపడ్డాడు. ఆ 19 ఏళ్లు డ్యూటీలో ఉన్నట్టా, సెలవులో ఉన్నట్టా? సెలవైతే ఏ సెలవు, మంజూరు చేసిందెవరు? పైగా పిలవడం కెప్టెన్ అనే గానీ, తొలి కథల్లో బ్యారక్సులో ఆయన మామూలు సిపాయి. ఏ హోదా మీద జీతం కట్టాలి?

నా ఒక్కడికే వచ్చిన అనుమానం కాదిది. 1980లలో కథకులు ఆయనకు సైన్యం చేత పాత బకాయి దాదాపు పది లక్షల డాలర్లు ఇప్పించారు. ఆ తర్వాతే అసలు కొర్రీ పడింది. 1987లో ఒక ప్రభుత్వ కమిషన్ పిలిచి, నువ్వు మా మనిషివి, ఇకనుంచి మేం చెప్పినట్టు నడుచుకో అంది. ఆయన డాలూ దుస్తులూ అప్పగించి వెళ్లిపోయాడు. అంతకు ఏడేళ్ల ముందు 250వ సంచికలో అధ్యక్ష పదవికి నిలబడమని బతిమాలితే, అదీ వద్దన్నాడు. వద్దన్నవాణ్ణి పిలిచి మళ్లీ అడగడం మర్యాద కాదు.

మిగతావి గబగబా ముగిస్తాను. థోర్, ఆక్వామ్యాన్ రాజవంశీకులు. పదవిలో ఉండగా కాంగ్రెస్ అనుమతి లేకుండా విదేశీ రాజుల నుంచి కానుక పుచ్చుకోరాదని తమ రాజ్యాంగం. థోర్‌కు వాళ్ల నాన్న ఇచ్చిన సుత్తి కూడా తిరిగి ఇచ్చెయ్యాల్సివస్తుందేమో. ఇంధన శాఖకు హల్క్‌గా మారే బ్రూస్ బ్యానర్‌ను మించినవాడు లేడు. అణ్వాయుధాలు చూసుకునేది ఆ శాఖే, ఆయన అణుశాస్త్రవేత్తే. కానీ హియరింగులో తమరు ఒకరి తర్వాత ఒకరు సూటిపోటి మాటలంటుంటే ఆ పెద్దమనిషికి కోపం రాకుండా ఉంటుందా? ఇది తమ క్షేమం కోరి పెట్టిన కొర్రీ.

కల్పిత వ్యక్తికి పదవి ఇచ్చిన ముచ్చట నిజంగానే ఒకసారి జరిగింది. 2016 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి, స్త్రీల బాలికల సాధికారతకు గౌరవ రాయబారిగా వండర్ వుమన్‌ను ప్రకటించింది. అదే నెలలో, పలువురు మహిళలు పోటీపడిన ప్రధాన కార్యదర్శి పదవి అంతోనియో గుటెరస్‌కు దక్కింది. వండర్ వుమన్‌ను ప్రకటించిన సభలో సమితి సొంత ఉద్యోగులే వీపు తిప్పి నిలబడ్డారు. వ్యతిరేకిస్తూ 40 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. డిసెంబరులో ఆమె పదవి ముగిసింది. నా సర్వీసులో ఎందరి బదిలీలో చూశాను గానీ, బొమ్మకు రెండు నెలల్లో ఉద్వాసన పలకడం ఇదే వినడం.

మా తెలుగువాళ్లు తెర మీది రాముణ్ణీ కృష్ణుణ్ణీ ముఖ్యమంత్రిని చేసుకోలేదా అని మా మనవడు ఎదురు ప్రశ్న వేశాడు. చేసుకున్నాం. రామారావు గారు పార్టీ పెట్టింది 1982 మార్చిలో, గద్దెనెక్కింది 1983 జనవరిలో. కానీ ఆయన కిరీటం తీసేసి, సొంత పేరుతో, ఊరూరా తిరిగి ఓటడిగారు. నచ్చనివాళ్లు ఆయన మొహం మీదే తిట్టగలిగారు. మీ వాళ్లతో ఈ పని జరగదు. 2006లో మార్వెల్ వాళ్ల సివిల్ వార్ కథలో ప్రభుత్వం అడిగిందల్లా అసలు పేరు నమోదు చేసుకొమ్మనే. అంతమాత్రానికే వీరులు రెండుగా చీలి నడివీధిలో కొట్టుకున్నారు. పాపం స్పైడర్‌మ్యాన్ మాట విని విలేఖరుల ముందు ముసుగు తీస్తే, చివరికి తూటా వాళ్ల పెద్దమ్మకు తగిలింది. పదవి అన్నాక ప్రతి కాగితం కింద ఒకడి సంతకం ఉండాలి, రేపు తప్పు తేలితే ఆ ఒకణ్ణి పిలిచి అడగాలి. ముసుగుకు మెమో ఇవ్వడం ఎలాగో నాకు తెలియదు.

ఇంకో సంగతి గమనించారో లేదో. కామిక్ లోకంలో కుర్చీ కోసం ఉబలాటపడ్డవాళ్లలో ఎక్కువమంది విలన్లే. సూపర్‌మ్యాన్ బద్ధశత్రువు లెక్స్ లూథర్ 2000 ఎన్నికల్లో డీసీ కథల్లో అధ్యక్షుడయ్యాడు. 2017లో మార్వెల్ కథల్లో కింగ్‌పిన్ న్యూయార్క్ మేయరయ్యాడు. వీరుల్లో ఐరన్‌మ్యాన్ టోనీ స్టార్క్ ఒకడు ముచ్చటపడి రక్షణ మంత్రి అయ్యాడు గానీ, ఐక్యరాజ్యసమితి సభలో తాగినవాడిలా లట్వేరియా అనే కథల దేశం ప్రతినిధి మీద విరుచుకుపడి ఊడగొట్టుకున్నాడు. తాగలేదని తర్వాత తేలిందనుకోండి. అప్పటికే కుర్చీ పోయింది.

అలాగని జాబితా మొత్తం కొట్టెయ్యమనను. నా సిఫారసులు ఇవి. విద్యాశాఖ బ్లాక్ లైట్నింగ్‌కు ఇవ్వండి. అసలు పేరు జెఫర్సన్ పియర్స్, నిజంగా బడిలో పాఠాలు చెప్పినవాడు. లూథర్ కూడా ఆ శాఖ ఇతనికే ఇచ్చాడు, ఆ దుర్మార్గుడు చేసిన మంచి నియామకం అదొక్కటే. న్యాయశాఖ గోథమ్ పోలీసు కమిషనర్ గోర్డన్‌కు ఇవ్వండి. 1939లో బ్యాట్‌మ్యాన్ పుట్టిన కథలోనే ఆయనా పుట్టాడు, అప్పటినుంచీ రిపోర్టులు రాసేది ఆయనే. ఖజానా శాఖ బ్యాట్‌మ్యాన్ ఇంటి బట్లర్ ఆల్‌ఫ్రెడ్‌కు ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. అంత ఖర్చూ కంటికి కనబడకుండా నడిపిన మనిషి మరొకడు లేడు.

అన్నిటికంటే ముఖ్యంగా, విపత్తుల నిర్వహణ సంస్థను డ్యామేజ్ కంట్రోల్ వాళ్లకు అప్పగించండి. డ్వేన్ మెక్‌డఫీ, ఎర్నీ కోలన్ 1980ల చివర్లో మార్వెల్‌కు సృష్టించిన కంపెనీ అది. వీరులూ విలన్లూ కొట్టుకుని వెళ్లిపోయాక కూలిన మేడలు ఎత్తడం, పగిలిన రోడ్లు వెయ్యడం, బీమా లెక్కలు తేల్చడం వాళ్ల పని. వాళ్లకు శక్తులేవీ లేవు, బిల్లులు వసూలు చేసుకునే ఓపిక తప్ప.

కావున తమరు ఈ విన్నపాన్ని పరిశీలించి, మా మనవడి జాబితాను పై సవరణలతో మాత్రమే ఆమోదించవలసిందిగా కోరుతున్నాను. నా వీసా గడువు ముగిసేలోపు జవాబు ఇప్పిస్తే, మిగతా శాఖలకూ కొర్రీలు సిద్ధం చేసి పంపగలవాణ్ణి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్