బ్యాకప్ పెట్టండి, హాయిగా పడుకోండి

వైజాగ్ పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెంటు ఆఫీసైనా, గాజువాకలో స్టీలు కాయిల్స్ మోసే లారీల ఆఫీసైనా సరే. కంప్యూటర్ల బాధ్యత మీ మెడకి చుట్టారా? కంగారు పడకండి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఆప్షన్లు ఇలా పెట్టుకుంటే ఇక జన్మలో మీకు పనుండదు.

1. ముందు లాగ్ సంగతి తేల్చండి. లాగ్ లెవెల్ దగ్గర 'నన్' పెట్టండి. వివరంగా రాయిస్తే ఏ ఫైలు కాపీ కాలేదో అందులో పడుతుంది. పడితే చదవాలి, చదివితే బాగుచెయ్యాలి. ఎందుకొచ్చిన గొడవ? 'నన్' లేకపోతే రోజూ పాత లాగ్ మీదే కొత్తది రాసేలా పెట్టండి. నిన్నటి పాపం నిన్నటితో సరి.

2. జాబ్ ఫెయిలైతే మెయిల్ ఎవరికి పంపాలని అడుగుతుంది. రిటైరైపోయిన అకౌంటెంటు గారి పాత ఐడీ ఇవ్వండి. పెద్దమనిషి, ఏమీ అనుకోరు.

3. సి డ్రైవ్‌లో ఉన్నది డి డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయండి. రెండూ ఒకే డిస్కులో ముక్కలు. పోతే జంటగా పోతాయి, ఒకటి మిగిలి ఏడిపించదు.

4. బయటి హార్డ్‌డిస్కు కొన్నారా? యూఎస్‌బీలోంచి ఎప్పుడూ పీకకండి. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లలోకే దూరింది. అలాంటిది మీ ఇంటికొస్తే అసలుకీ నకలుకీ ఒకేసారి తాళం వేసేస్తుంది. మీకు రెండో చాకిరీ ఉండదు.

5. టేపు డ్రైవ్ ఉంటే ఏడాదికి ఒకటే టేపు వాడండి. 'ఓవర్‌రైట్' దగ్గర టిక్ పెట్టి, 'ఎజెక్ట్' దగ్గర తీసేయండి. టేపు బయటికొస్తే ఎవరో ఒకరు వేరే చోటికి మోయాలి కదా! ఎల్‌టీఓ-8 టేపులో నికరంగా పట్టేది 12 టీబీ, కుదిస్తే 30 అంటారు. మీరు 30నే నమ్మండి. స్కాన్ చేసిన షిప్పింగ్ బిల్లులు ముందే కుదించినవి, ఇంకేం తగ్గుతాయని ఎవరైనా అడిగితే, ఈ పని వాళ్లకే అప్పజెప్తానని బెదిరించండి. డ్రైవ్ మీద క్లీనింగ్ లైటు వెలిగితే దానిమీద సింహాద్రి అప్పన్న స్టిక్కరు అంటించండి. ఇక పూచీ ఆయనది.

6. 'వెరిఫై' టిక్ తీసేయండి. రాసిందాన్ని మళ్లీ చదివి సరిచూడ్డం అంటే సాఫ్ట్‌వేర్‌ని అవమానించడమే. ఒక్క ఫైలైనా రీస్టోర్ చేసి చూద్దామనే దుర్బుద్ధి అసలే వద్దు. చూడనంతకాలం అన్నీ భద్రమే.

7. అన్నీ పోయాక సాకు కావాలి. వైజాగ్‌లో అది రెడీగా ఉంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను ఊరికి రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేకుండా చేసింది. 'హుద్‌హుద్‌లో పోయాయి సార్' అనండి, ఎవరూ కాదనరు. పోయినవి జీఎస్టీ ఫైళ్లు కదా, జీఎస్టీ వచ్చిందే 2017లో కదా అని ఆడిటరు గారు నసిగితే, తుఫాను ప్రభావం ఇంకా తగ్గలేదని చెప్పండి.