రోలరు గోడు

నన్ను చూస్తే పిల్లలకు రోడ్డు రోలరు గుర్తొస్తుంది. నాది అంత దర్జా కాదు. ఇంజను లేని ఇనప పీపాని, నలుగురు లాగితే గాని కదలను. పుట్టింది ఎక్కడో గాని, ఊహ తెలిసింది బెజవాడ లబ్బీపేటలో, ఇందిరాగాంధీ స్టేడియంలో.

క్రికెట్ పిచ్ మీద నల్లమట్టిని అణచడం నా పని. తడి ఎక్కువైతే మట్టి నా ఒంటికే అంటుకుని పెళ్లలు పెళ్లలుగా లేచొస్తుంది. తక్కువైతే పిచ్ పగుళ్లిస్తుంది. కుదిరిందో లేదో చూడ్డానికి క్యూరేటరు జేబులోంచి స్కూటరు తాళంచెవి తీసి నేలలో గుచ్చుతాడు. చెవి దిగకపోతే ఆ పూటకి నాకు సెలవు.

1997 డిసెంబరులో మహిళల ప్రపంచకప్ మ్యాచ్ మా దగ్గరికొచ్చింది. పాకిస్తాన్ మీద ఇంగ్లండ్ అమ్మాయిలు 50 ఓవర్లలో 2 వికెట్లకు 376 బాదారు. జాన్ బ్రిటిన్ 138, బార్బరా డేనియల్స్ 142 నాటౌట్. పిచ్ అంత నున్నగా ఉంటే బౌలర్లు తిట్టుకునేది నన్నే కదా! మగవాళ్ల వన్డే ఆ మైదానానికి వచ్చింది 2002 నవంబరులో. మనవాళ్లు వెస్టిండీస్ చేతిలో 135 పరుగుల తేడాతో ఓడారు. ఊళ్లో ఎవర్నడిగినా ఆ ఓటమి సంగతే చెప్తారు. దానికి ఐదేళ్ల ముందే ఆడవాళ్లు వచ్చి ఆడి వెళ్లారంటే, "అవునా?" అంటారు.

తర్వాత నన్ను లారీ ఎక్కించి హైదరాబాదు రోడ్డులో మూలపాడుకు తెచ్చారు. పక్కనే కొండలు, అడవి, సీతాకోకచిలుకలు. అవుట్‌ఫీల్డులో కలుపు తీసే ఆడకూలీలు వరిచేలో లాగే వరసగా వంగుతారు. ఇక్కడ తొలి అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడవాళ్లదే, 2016 నవంబరు 10న. పెద్దనోట్లు రద్దయి రెండు రోజులు. బయట టీ తాగడానికి చిల్లర దొరకడం లేదు. లోపల మిథాలీ రాజ్ జట్టు, అప్పటి టీ20 ప్రపంచ విజేత వెస్టిండీస్‌ను మూడు వన్డేల్లోనూ ఓడించింది. టీ20లు మూడూ వాళ్లు పట్టుకుపోయారు లెండి. విజయవాడ పిల్ల సబ్బినేని మేఘన తొలిసారి భారత జట్టుకు ఆడింది ఆ టీ20ల్లోనే.

మ్యాచ్ రెఫరీ అంటే మాత్రం నాకు హడలు. ఆటగాళ్లకు జరిమానా వేసేదీ, పిచ్‌కి మార్కులేసేదీ ఆ మనిషే. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి ఒకప్పటి బౌలరు. ఐసీసీ అంతర్జాతీయ రెఫరీల ప్యానెల్లో చేరిన తొలి మహిళ, 2019లో. అదే ఏడు డిసెంబరు 8న షార్జాలో యూఏఈ, అమెరికా మగజట్ల వన్డేకి రెఫరీగా కూర్చుంది. మగవాళ్ల వన్డేకి అలా కూర్చున్న మొదటి ఆడమనిషి ఆవిడే.

గ్రౌండ్స్‌మన్ ఆ వార్త ఫోనులో చదివి వినిపిస్తుంటే, కలుపు తీసే పెద్దావిడ తలెత్తకుండానే అడిగింది.

"అయితే పిచ్ బాగోలేదని మొగోళ్ల మొహానే చెప్పిద్దా?"

"రిపోర్టు రాసిద్ది పిన్నీ."

"కూలి? మొగోళ్లతో సమానంగానే ఇస్తారా?"

అతను ఫోను జేబులో పెట్టుకుని, నన్ను లాగడానికి ఇంకో ముగ్గుర్ని కేకేశాడు.