పట్టాలున్నాయ్.. బండేదీ?

సికింద్రాబాద్ స్టేషన్‌కు కొత్త సొగసులు దిద్దుతున్నారు. సంతోషం! పనులకు అడ్డమని కొన్ని దూరప్రాంత రైళ్లను చర్లపల్లికి పంపేశారు. 2025 జనవరి 6న ప్రారంభమైన అక్కడి టెర్మినల్‌లో లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి. లేనిదల్లా ఇంటికి చేరే దారే.

తెల్లవారుజామున సామాన్లతో బయటికొస్తే ఆటో అన్న ఎదురొస్తాడు.

'ఎక్కడికి పోవాలె సార్?'

'మెహిదీపట్నం.'

అతను చెప్పిన రేటు వింటే, రాత్రంతా పడుకుని వచ్చిన స్లీపర్ టికెట్టే చవకనిపిస్తుంది.

'ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉందిగా?' అంటారు పెద్దలు. ఎందుకు లేదూ! కనీస చార్జీ 5 రూపాయలే. మౌలాలి, సనత్‌నగర్ మీదుగా నడిచే ఘట్‌కేసర్-లింగంపల్లి సర్వీసుకు 2024 మార్చిలో సాక్షాత్తూ ప్రధానే జెండా ఊపారు. జెండా ఊపినంత జోరుగా బండ్లు మాత్రం పెరగలేదు. ఉన్న కాసిన్నీ మరమ్మతుల పేరుతో అప్పుడప్పుడూ రద్దు!

'ఎక్కేవాళ్లు లేరు, బండ్లెందుకు?' అని అటు. 'బండ్లు లేవు, ఎలా ఎక్కేది?' అని ఇటు. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు!

రైల్వే పెద్దలకు ఒక్కటే మనవి. ఈసారి చర్లపల్లి తనిఖీకి కారులో కాకుండా ఎంఎంటీఎస్‌లో రండి. ఏ రోజు వస్తారో మాత్రం ముందుగా చెప్పకండి. చెబితే ఆ రోజు బండి టైముకే వచ్చేస్తుంది!