తాళంచెవి అప్పగించని వాళ్ళు

గోదావరిఖనిలో రాత్రి ఏడున్నరకు టీవీ ఆగిపోవడం చిన్న విషయం కాదు. అత్త కోడలి మీద చెయ్యెత్తింది. చెయ్యి అక్కడే ఆగింది. నడుమ ఒక గుండ్రం తిరుగుతూనే ఉంది. ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్‌కు కిటికీలు అదిరినా అదరని మా ఆవిడ దీనికి అదిరింది. "మొన్నగాక మొన్న కొన్నదేనాయె, దీనికేం రోగం?" అని నా మీదికొచ్చింది, టీవీని నేనే తయారు చేసినట్టు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కొలువు చేసే మా పెద్దోడికి ఫోన్ కలిపాను. "మెమరీ లీకై ఉంటది బాపూ. ఒకసారి ఆపి మళ్ళ పెట్టు" అని వైద్యం చెప్పాడు. నేను వదల్లేదు. నాలుగేళ్ళు ఫీజు కట్టినవాణ్ని, కారణం చెప్పమన్నాను.

ఏ ప్రోగ్రాముకైనా పని చేసుకోవడానికి మెమరీలో చోటు కావాలి. అడిగితే దొరుకుతుంది, ఆ చోటు చిరునామా చేతికొస్తుంది. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన సి భాషలో అడగడానికి మాలాక్, తిరిగివ్వడానికి ఫ్రీ అని రెండు ఆజ్ఞలున్నాయి. సింగరేణిలో పనిచేసినవాడికి ఇందులో కొత్తేముంది? టీ-2 క్వార్టరు అలాటైతే తాళంచెవి ఇస్తారు, రిటైరైతే ఖాళీ చేసి అప్పగించాలి. తీసుకునేనాడు అందరికీ తొందరే. అప్పగించే నాటికే మతిమరుపు.

తాళం వేసి, చెవి ఎక్కడో పారేసుకుని ఊరెళ్ళిపోయాడనుకోండి. లోపల పిల్లి కూడా ఉండదు, రిజిస్టరులో మాత్రం మనిషున్నట్టే లెక్క. అట్లాంటివి పెరిగితే కొత్తగా వచ్చినవాడికి చోటు లేదు. మా టీవీ రోగం ఇదేనట. టీవీకి వస్తే సీరియల్ పోతుంది, అంతే. లండన్‌లో అంబులెన్సులను పంపే కంప్యూటర్‌కే వచ్చింది. బండిని పురమాయించిన ప్రతిసారీ సర్వర్‌లో కాస్త చోటు తీసుకుని తిరిగివ్వడం మరిచింది. మూడు వారాల్లో చోటంతా నిండి, 1992 నవంబర్ 4న తెల్లవారకముందే కూలబడింది. అక్కడివాళ్ళు మళ్ళీ కాగితం, కలం పట్టారు.

ఇంతకన్నా ఘోరం మారు తాళంచెవి. యైటింక్లయిన్ కాలనీ నుంచి భూపాలపల్లికి బదిలీ అయినాయన క్వార్టరు అప్పగించాడు గానీ, మారు చెవి జేబులోనే ఉంచుకున్నాడు. క్వార్టరు ఇంకొకరికిచ్చారు. ఒకనాటి రాత్రి ఈయన బస్సు దిగి, అలవాటు కొద్దీ తలుపు తీసి, ఉప్పు డబ్బాలో చక్కెర పోసి వెళ్ళిపోయాడు. మర్నాడు పప్పు తియ్యగా తగిలేదాకా ఎవరికీ తెలియదు. తెలిసినా కొత్త కోడలినే అనుమానిస్తారు. ప్రోగ్రాముల్లోనూ తప్పొకచోట జరిగితే, కూలేది మరోచోట. దొంగలకు ఈ మారు చెవులంటే మహా ఇష్టం. తాము ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పిదాలేనని 2019లో మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఒప్పుకున్నారు.

విరుగుడు లేకనా? జాన్ మెకార్తీ అనే పెద్దమనిషి 1960లోనే లిస్ప్ భాష కోసం రాసిపెట్టాడు. ఖాళీ చేయమని ఎవరినీ బతిమాలొద్దు. చోటు అయిపోగానే ఒక మేస్త్రి బయల్దేరి, ఎవరి దగ్గర ఏ చెవి ఉందో చూస్తూ పోతాడు. ఎవరి దగ్గరా చెవి లేని క్వార్టరు ఖాళీ కిందే జమ. 1995లో వచ్చిన జావా ఈ మేస్త్రిని లోకమంతా తిప్పింది. చిక్కేమిటంటే, ఆయన తనిఖీ చేస్తున్నంతసేపు కాలనీలో ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడాలి. ఇప్పటి మేస్త్రులు జనాన్ని అంతగా నిలబెట్టకుండానే పని కానిస్తున్నారట, సంతోషం. కానీ మేనమామ ఇంట్లో మేకుకు ఒక చెవి వేలాడుతుంటే, ఆ క్వార్టరు గడప ఎవరూ తొక్కకపోయినా మేస్త్రి దాన్ని ముట్టడు.

ఇంత శాస్త్రం ఉండి చివరికి చెప్పే మందు ఆపి పెట్టడం! ప్రోగ్రాము చస్తే దాని చోటంతా ఆపరేటింగ్ సిస్టమ్ గుంజుకుంటుంది, అదీ కిటుకు. పోయిన చెవులు వెతికే ఓపిక లేక ఊరు ఊరంతా ఖాళీ చేయించడమన్నమాట.

రస్ట్ అని మరో భాష ఉందట, 2015లో మొదటి పక్కా విడుదల. అందులో ఒక చోటుకు ఒక్కడే యజమాని. ఆయన పని ముగియగానే చోటు దానంతటదే ఖాళీ. మిగతావాళ్ళు అడిగి వాడుకోవచ్చు, అదీ యజమాని ఉన్నన్నాళ్ళే. మారు చెవి ఉంచుకోబోతే కంపైలర్ ప్రోగ్రామును గేటు దాటనివ్వదు. అంత నిక్కచ్చి అధికారి ఉద్యోగంలో ఎట్లా నిలిచాడో గానీ, నాకు నచ్చాడు.

"మరి నువ్వు రాసేది అందులోనేనారా?" అన్నాను.

"లేదు బాపూ, సి ప్లస్ ప్లస్."

"తీసుకున్నది తిరిగిస్తున్నవా?"

"టెస్టింగోళ్ళు చూసుకుంటరు" అని ఫోన్ పెట్టేశాడు.