ఏభై మీటర్లు

కోనసీమలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. మధ్యాహ్న భోజనానికి వంక పెట్టడానికి లేదు. పిల్లాడికి రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని లెక్క. ఆయా గుడ్లు ఉడకేసి, పెంకు ఒలిచి మరీ కంచంలో పెడుతుంది. పథకానికి పెట్టింది డొక్కా సీతమ్మ గారి పేరాయె, ఆవిడ అన్నదానం చేసిన సీమలో అన్నం బాగుండకపోతే ఊరుకుంటారా!

చిక్కల్లా గేటు ఎదుటి కొట్టుతోనే. అయిదు రూపాయల ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతుంటాయి. భోజనం బెల్లు కొట్టగానే పిల్లలు అటు పరుగు. ప్యాకెట్టు నలిపి, ఆ ఎర్రపొడి పప్పన్నం మీద చల్లి కలుపుకుంటారు. గుడ్డు కుక్కకి. (దాని ఆరోగ్యం మాత్రం బ్రహ్మాండంగా ఉంది.)

ఓ రోజు ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. 2020 నాటి నిబంధన చదివి వినిపించాడు. కొవ్వు, ఉప్పు, చక్కెర మోతాదు మించిన తిండి ఏదైనా సరే, బడి గేటుకి ఏ దిక్కునైనా 50 మీటర్ల లోపు పిల్లలకి అమ్మకూడదు. టేపు తీయించాడు. రెండో కొస పట్టుకున్న మూడో క్లాసు కుర్రాడి వేళ్ళ ఎరుపు టేపుకి అంటింది. కొలత 18 మీటర్లు.

"నెల్లాళ్ళలో దూరం ఏభై దాటాలి. లేకపోతే పైకి రాసేస్తాను."

హెడ్మాస్టారు బుర్ర గోక్కున్నాడు. "కొలత గేటు దగ్గర్నుంచేనాండి?"

"గేటు దగ్గర్నుంచే."

నెల తిరక్కుండానే ఆఫీసుకి జాబు వచ్చింది. 'తమరి ఆదేశాల మేరకు బడి గేటుకూ, సదరు కొట్టుకూ మధ్య దూరము 62 మీటర్లు చేయడమైనది.' ఇలాంటివాళ్ళు మండలానికొకరుంటే చాలనుకున్నాడు ఆఫీసరు. అభినందించి పోదామని స్వయంగా బయల్దేరాడు.

కొట్టు ఎక్కడిదక్కడే ఉంది. పైగా తోరణాలు ఇంకో రెండు వరసలు పెరిగాయి. ఆయనకి ఒళ్ళు మండింది. టేపు పట్టుకుని గిర్రున వెనక్కి తిరిగాడు.

గేటు ఉండాల్సిన చోట కొత్తగా సున్నం కొట్టిన గోడ. గేటు బడి వెనక్కి, కాలవగట్టు మీదికి వెళ్ళిపోయింది.

"కొట్టు తీయించమంటే గేటు తీయించారేంటండీ!"

హెడ్మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కొట్టు సర్పంచి గారి బామ్మర్దిదండి. గేటు గవర్నమెంటుదండి."